ఆ గదిలో ఇద్దరు ఉన్నారు

బెంగళూరులో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం, కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిపెట్టాం.

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా అమ్మా? సరే. నన్ను పిలిచింది పిల్లలకు ఆటలు ఎందుకు అవసరమో చెప్పమని. కానీ వారం రోజులుగా నా మనసు ఇంకో విషయం మీద ఉంది. దాని గురించి మాట్లాడతానని నిర్వాహకుల్ని అడిగితే పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. వాళ్లకు నా కృతజ్ఞతలు.

మా మేనల్లుడు అమెరికాలో ఎమ్మెస్ చేసి వచ్చి ఇప్పుడు మారతహళ్లిలో ఉంటున్నాడు. తను చదివిన యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీమ్ అంటే వాడికి ప్రాణం. ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు. హెల్మెట్ పెట్టుకుని, భుజాలకు గట్టి ప్యాడ్లు కట్టుకుని, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. అక్కడ శనివారం సాయంత్రం మ్యాచ్ అంటే మనకు ఆదివారం తెల్లవారుజాము. అలారం పెట్టుకుని లేస్తాడు. పోయిన వారం వాడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. వచ్చినవాడు అన్నం కలిపి పెట్టుకుని ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. ఏమైందిరా అంటే, "మామయ్యా, మా టీమ్ ప్లేయర్‌ని అరెస్ట్ చేశారు. రూమ్మేట్‌తో గొడవట" అన్నాడు.

అంతే. తెలిసింది అంతే. ఒక ఆటగాడు, ఒక రూమ్మేట్, ఒక గొడవ, ఒక అరెస్టు. ఈ నాలుగు మాటల మీద, కలుపుకున్న అన్నం చల్లారేలోపు, వాడి గ్రూపులో ఎన్ని కథలు పుట్టాయో నేను పక్కన కూర్చుని చూశాను. ఒకరు అమ్మాయి విషయమే అన్నారు. ఒకరు మందు అన్నారు. ఒకరు స్కూల్లోనే వాడు అలాంటివాడు అన్నారు. ఇంకొకరు, రూమ్మేట్ డబ్బు కోసం ఇరికించాడు అన్నారు. 2021 జూలై నుంచి అక్కడి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, తమ ఫొటో వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు లెండి, అందుకని ఆ ఊహ. మరొకరు, ఇక ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి వెళ్లిపోతాడు అన్నారు. వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు పెట్టుకునే చోటది, 2018 నుంచి ఉంది. వీటన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "శనివారం ఆడతాడా?"

నేను వాణ్ణి ఒకటే అడిగాను. "ఆ రూమ్మేట్‌కి దెబ్బ తగిలిందా నాయనా?" వాడు తలెత్తి చూశాడు. "తెలీదు మామయ్యా. ఎవరూ రాయలేదు" అన్నాడు.

ఎవరూ రాయలేదు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో చెబుతాను. దానికి ముందు ఒకటి రెండు సంగతులు మాట్లాడుకుందాం.

అభిమానం తప్పని నేను అనను. ముప్పై ఒక్క ఏళ్లు గ్రౌండ్‌లో ఉన్నవాణ్ణి, అభిమానం విలువ నాకు తెలుసు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,000 మందికి పైగా కూర్చోవచ్చు. ఒక కాలేజీ టీమ్ కోసం! మన చిన్నస్వామి స్టేడియం లాంటివి రెండు కలిపినా అంతమంది పట్టరు. పంతొమ్మిదేళ్ల పిల్లాడు అంతమంది మధ్యలోకి పరుగెత్తుకుంటూ వస్తాడు. రాత్రికి మాత్రం వాడు కూడా ఒక గదిలోకే వెళ్లాలి. ఆ గదిలో గిన్నెలు ఎవరు కడగాలి, అద్దె ఎవరు ఎంత కట్టాలి, ఎవరి స్నేహితులు ఎంతసేపు ఉండాలి అన్న గొడవలు ఉంటాయి. ఇక్కడ బీటీఎం లేఔట్‌లో పీజీలో ఉంటున్న పిల్లలు ఎంతమంది ఉన్నారు? చెయ్యెత్తండి. చూశారా! గదిలో గొడవంటే ఏమిటో వీళ్లకు నేను చెప్పక్కర్లేదు.

అరెస్టు అన్న మాట సంగతి చూద్దాం. అమెరికాలో చాలాచోట్ల పోలీసులు ఒకణ్ణి తీసుకెళ్లగానే తీసిన ఫొటో బయటికొస్తుంది, ఏ నేరం కింద తీసుకెళ్లారో అదీ బయటికొస్తుంది. అక్కడ ఇంకో సంగతి ఉంది. కొన్ని రాష్ట్రాల్లో గృహహింస చట్టం కిందికి భార్యాభర్తలే కాదు, ఒకే ఇంట్లో ఉండే రూమ్మేట్లు కూడా వస్తారు. ఇద్దరు మగపిల్లలు టీవీ రిమోట్ కోసం కొట్టుకున్నా కాగితం మీద గృహహింస అని పడొచ్చు. చదివినవాళ్లు ఏమనుకుంటారు? ఆడపిల్లను కొట్టాడనుకుంటారు. ఇక ఆ పిల్లాడు ఎన్నేళ్లు చెప్పుకున్నా ఆ మాట పోతుందా?

మన దగ్గరా ఇలాంటిది ఉంది. మామూలు దెబ్బ అయితే, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 115(2) కింద, వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయకూడదు. అదే ఎముక విరిగిందనుకోండి, పన్ను ఊడిందనుకోండి, అది చట్టం దృష్టిలో తీవ్ర గాయం. 117 సెక్షన్. ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అరెస్టూ చేయవచ్చు. కానీ ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అవసరం ఉందో లేదో చూడకుండా అలవాటుగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, ఎఫ్ఐఆర్‌లో తీవ్ర గాయం అని చదివి మనం కత్తుల్ని ఊహించుకుంటాం. తోపులాటలో పడి మణికట్టు విరిగినా అదే మాట రాస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మీలో పింకీ ప్రమాణిక్ పేరు గుర్తున్నవాళ్లు ఉన్నారా? పెద్దవాళ్లకు గుర్తుండాలి. బెంగాల్‌లోని పురూలియా అమ్మాయి. 2006లో దోహా ఏషియన్ గేమ్స్‌లో 4x400 రిలేలో మనకు బంగారు పతకం తెచ్చిన జట్టులో పరుగెత్తింది. 2012 జూన్‌లో, తనతో ఒకే ఇంట్లో ఉన్న మహిళ ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఈమె ఆడది కాదు, మగవాడు, నన్ను బలాత్కరించాడని ఫిర్యాదు. ఆ తర్వాత ఈ దేశం ఏం చేసిందో నేను కళ్లారా చూశాను. నేరం జరిగిందా లేదా అని ఎవరూ మాట్లాడుకోలేదు. ఆమె శరీరం గురించి మాట్లాడుకున్నారు. టీ కొట్టు దగ్గర, బస్సులో, స్టాఫ్‌రూమ్‌లో. ఆడా మగా తేల్చే పరీక్షల పేరుతో ఆమెను ఎలా చూశారో ఆ వీడియో కూడా బయటికి వదిలారు. జనం దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. దేశానికి పతకం తెచ్చిన మనిషండీ! మూడు వారాలకు పైగా జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చింది. 2014లో కలకత్తా హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. కొట్టేసిన వార్త మీలో ఎంతమంది చదివారు? అరెస్టయిన వార్త ఎంతమంది చదివారు?

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ లాక్రోస్ టీమ్ సంగతీ అంతే. లాక్రోస్ అంటే చివర వల ఉన్న కర్రలతో బంతి విసురుకునే ఆట. 2006లో ముగ్గురు ఆటగాళ్ల మీద అత్యాచారం కేసు పెట్టారు. మిగిలిన సీజన్ రద్దయింది, కోచ్ వెళ్లిపోవాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2007 ఏప్రిల్‌లో, ఆ ముగ్గురూ నిర్దోషులని రాష్ట్ర అటార్నీ జనరలే చెప్పి కేసు ఎత్తేశారు. కేసు నడిపిన ప్రాసిక్యూటర్ లాయరు లైసెన్సు పోగొట్టుకున్నాడు.

అయ్యా, ఇక్కడ ఒక్క నిమిషం. ఇది విని కొందరు మగపిల్లలు తల ఊపుతున్నారు. చూశారా సార్, ఆటగాళ్ల మీద అన్నీ దొంగ కేసులే అన్నట్టు. నేను ఆ మాట అనలేదు. అనను. టెక్సస్‌లో బేలర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద అమ్మాయిలు ఫిర్యాదులు చేస్తే యూనివర్సిటీ సరిగ్గా పట్టించుకోలేదని విచారణలో తేలింది. 2016లో హెడ్ కోచ్‌ని తీసేశారు, యూనివర్సిటీ ప్రెసిడెంట్‌ని ఆ కుర్చీలోంచి దించేశారు. ఆ అమ్మాయిల మాట అప్పటిదాకా ఎందుకు పైకి రాలేదు? టీమ్ గెలుస్తోంది కాబట్టి. అంతా టీమ్‌ని ప్రేమిస్తున్నారు కాబట్టి. డ్యూక్‌లో జనం ముందే నేరస్థులన్నారు. బేలర్‌లో ముందే మావాళ్లు మంచోళ్లు అనుకున్నారు. రెండు చోట్లా ముందే తేల్చేశారు. ఒకచోట ఆ ముగ్గురు కుర్రాళ్లు నలిగారు, ఇంకోచోట ఆ అమ్మాయిలు నలిగారు.

ఊహ ఎంత దూరం వెళుతుందో ఇంకొక్కటి చెప్పి నా కథలోకి వస్తాను. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. పోలీసులు అనుమానితుల ఫొటోలు విడుదల చేయగానే ఇంటర్నెట్‌లో జనం తామే పోలీసులైపోయారు. బ్రౌన్ యూనివర్సిటీలో చదివిన ఒక భారత సంతతి కుర్రాడు అప్పటికి నెల రోజులుగా కనబడటం లేదు. ఫొటోలో ఉన్నది వాడే అన్నారు. కొడుకు కోసం వెతుక్కుంటున్న ఆ కుటుంబాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆ నెల 23న ఆ పిల్లాడి శవం నదిలో దొరికింది. బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు. ఆ తల్లిని తలుచుకోండి. కొడుకు దొరకలేదన్న దుఃఖం ఒకటి, దాని మీద ఇది.

ఇప్పుడు నా సంగతి. ఇది నేను ఇంతమంది ముందు ఎప్పుడూ చెప్పలేదు.

2003. మా కాలేజీలో 400 మీటర్లు పరుగెత్తే కుర్రాడు ఉండేవాడు. పేరు చెప్పను. అనంతపురం జిల్లా పల్లె నుంచి స్పోర్ట్స్ కోటాలో వచ్చాడు. వేరుశనగ చేను తప్ప ఏమీ లేని ఇల్లు. పరుగెత్తితే చూడాలి ఆ పిల్లాణ్ణి, చివరి వంద మీటర్లలో అందరూ అలసిపోయేచోట వాడు మాత్రం పొడుగ్గా సాగేవాడు. తెల్లవారి ఐదున్నరకు కంఠీరవ స్టేడియంలో ప్రాక్టీసు. వాడు నాలుగున్నరకే లేచేవాడు. యూనివర్సిటీ మీట్‌కి, అంటే పరుగు పందేల పోటీలకు, ఇంకా పది రోజులుంది.

ఒక రోజు పొద్దున వాడు గ్రౌండ్‌కి రాలేదు. ఏడింటికల్లా తెలిసింది, రాత్రి హాస్టల్‌కి పోలీసులు వచ్చి తీసుకెళ్లారని. రూమ్మేట్‌తో గొడవట. రూమ్మేట్ ఆసుపత్రిలో ఉన్నాడట. అప్పుడు వాట్సాప్ లేదు, ఫేస్‌బుక్ లేదు. కానీ హాస్టల్ మెస్ ఉంది, గేటు పక్కన టీ కొట్టు ఉంది, స్టాఫ్‌రూమ్ ఉంది. పదకొండింటికల్లా మందు కథ వచ్చింది, అమ్మాయి కథ వచ్చింది, దొంగతనం కథ వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో నన్నడిగారు, "ఏం సార్, మీవాడేమిటి ఇలా చేశాడు?" అని.

నేనేమన్నానో చెప్పమంటారా? "మావాడు అలాంటివాడు కాదు. ఆ రూమ్మేట్‌కి అసూయ. పేపర్లో మావాడి పేరు పడుతోందని ఓర్వలేక కేసు పెట్టాడు" అన్నాను.

ఆ రూమ్మేట్ ఎవరో నాకు తెలియదు. వాడి మొహం నేను చూడలేదు. పేరు కూడా తెలియదు. ఆ రోజు సాయంత్రం హాస్టల్ రిజిస్టర్ చూసి తెలుసుకున్నాను. మొహం తెలియని పిల్లాడికి అసూయ ఉందని చెప్పినవాణ్ణి నేను. ఎందుకు చెప్పాను? పది రోజుల్లో మీట్ ఉంది. నా మనసు ట్రాక్ మీద ఉంది. నాకు కావలసిన జవాబు నేనే తయారుచేసుకున్నాను.

స్టేషన్‌కి వెళ్లాను. ఎస్సై మంచివాడే. "మాస్టర్, మూళె మురిదిదె" అన్నాడు. ఎముక విరిగింది. డాక్టర్ గాయాల సర్టిఫికెట్‌లో గ్రీవియస్, అంటే తీవ్ర గాయం అని రాశాడు, ఇక మా చేతుల్లో ఏముంది, 325 సెక్షన్ పెట్టాం అన్నాడు. అప్పుడు ఐపీసీ కదా. బెయిలబుల్ సెక్షనే, మధ్యాహ్నానికి జామీను మీద పిల్లాణ్ణి బయటికి తెచ్చాను. ఆటోలో వస్తూ వాడు ఏడుస్తున్నాడు. నేను మీట్ గురించి ధైర్యం చెబుతున్నాను. ఏం జరిగిందని అప్పుడు కూడా నేను అడగలేదు. వాడే చెప్పాడు. "సార్, తప్పు నాది. స్టార్టర్ నేనే పీకాను."

స్టార్టర్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియదేమో. అప్పటి ట్యూబ్‌లైట్లకు పక్కన చిన్న డబ్బాలా ఉండేది, అది పీకేస్తే లైటు వెలగదు. గొడవంతా లైటు గురించి. మావాడు తొమ్మిదింటికి పడుకోవాలి. రూమ్మేట్‌కి రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి, సప్లిమెంటరీకి చదువుతున్నాడు, ఒంటిగంట దాకా లైటు కావాలి. మూడు వారాలు గొడవ పడ్డారు. వార్డెన్‌కి చెప్పుకున్నారు, సర్దుకోండయ్యా అన్నాడు. ఆ రాత్రి మావాడు స్టార్టర్ పీకి జేబులో వేసుకుని పడుకున్నాడు. ఆ పిల్లాడు జేబులో చెయ్యి పెట్టి తీసుకోబోయాడు. వీడు తోశాడు. వాడు ట్రంకుపెట్టె మీద పడ్డాడు, కుడి చెయ్యి కింద పడింది. అంతే జరిగింది.

తర్వాత ఏం జరిగిందో వినండి. మావాడే ఆ పిల్లాణ్ణి ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. జేబులో ఉన్న డబ్బంతా వీడే కట్టాడు. కొట్లాటలో తగిలిన దెబ్బ అని తెలిశాక ఆసుపత్రివాళ్లు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాసి పోలీసులకు కబురు పంపారు. అది వాళ్ల నియమం. పోలీసులు వచ్చి అడిగితే ఆ పిల్లాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, తోసుకున్నాం, పడ్డాను అని. ఈ కేసులో ఎక్కడుందండీ అసూయ? టీ కొట్టు దగ్గర పుట్టిన అన్ని కథల్లో, వీడే వాణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లాడన్న కథ ఒక్కటైనా ఉందా? ఎవరూ ఊహించలేదు. నేనూ ఊహించలేదు.

కానీ నేనన్న మాట అప్పటికే హాస్టల్‌కి చేరింది. పీడీ సారే అన్నారంట, వాడికి అసూయంట. ఆ పిల్లాడు చేతికి కట్టుతో గదికొచ్చేసరికి తలుపు మీద సుద్దముక్కతో ద్రోహి అని రాసి ఉంది. మెస్‌లో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. నాలుగు రోజులు చూసి, ట్రంకుపెట్టె సర్దుకుని ఊరికి వెళ్లిపోయాడు. కుడి చెయ్యి కట్టులో ఉంది. ఏ పరీక్ష కోసం ఆ లైటు అన్నేసి రాత్రులు వెలిగిందో, ఆ పరీక్ష వాడు రాయలేదు. ఏడాది పోయింది.

మావాడు మీట్‌లో పరుగెత్తనన్నాడు. నేను బలవంతపెట్టలేదు. ఇద్దరం కలిసి బస్సెక్కి చిత్తూరు జిల్లాలో ఆ పిల్లాడి ఊరికి వెళ్లాం. వీడు వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది. ఇచ్చి నా వైపు చూసి, "అయ్యా, మావాడు ఎవరి మీదా కేసు పెట్టలేదు. ఆ మాట కాలేజీలో ఎవరికైనా చెప్పగలరా?" అంది.

నేను చెప్పాను. వెనక్కి వచ్చి మెస్‌లో భోజనాల వేళ నిలబడి చెప్పాను. రెండు వందల మంది పిల్లలు. కొందరు విన్నారు. కొందరికి పళ్లేల చప్పుడులో వినబడలేదు. స్టాఫ్‌రూమ్‌లో చెప్పాను. టీ కొట్టాయనకు చెప్పాను. కానీ నేనన్న అసూయ అన్న మాట ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. ఈ మాట తిరగలేదు. రెండేళ్ల తర్వాత కూడా ఒక పాత విద్యార్థి నాతో, "సార్, అప్పుడు మన రన్నర్‌ని ఇరికించాడు చూడండి ఒకడు" అన్నాడు. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అవునా సార్ అన్నాడు. వాడు ఆ కథ ఇంకెంతమందికి చెప్పి ఉంటాడో నాకు తెలియదు.

అందుకే ఆ రోజు మా మేనల్లుణ్ణి రూమ్మేట్ గురించి అడిగాను. వాడికి ఈ కథంతా చెప్పాను. అన్నం మళ్లీ వేడి చేసి పెట్టింది మా ఆవిడ. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, వాడు గ్రూపులో ఒక్క వాక్యం రాశాడు. "రూమ్మేట్ ఎలా ఉన్నాడో ఎవరికైనా తెలుసా?" అని.

నిన్న రాత్రి ఫోన్ చేసి అడిగాను. దానికి ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదట.

నా టైమ్ అయిపోయింది. వెనక వరసలో ఎవరో బాబు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు. మైకు అటు ఇవ్వండమ్మా. అడుగు నాయనా.